అత్తగారి వైపు పళ్లు

అసిరమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్క మనిషినీ తిట్టి ఎరగదు. ఆవిడ తిట్లన్నీ వస్తువులకే. కోళ్లు గింజలు తినేస్తే చేటని తిట్టేది. పాలేరు పొద్దెక్కి వస్తే నాగలిని తిట్టేది. మొగుడు బతికున్న రోజుల్లో ఆయన చుట్ట ముట్టించుకుని అగ్గిపుల్ల గడ్డివాము పక్కన పారేస్తే, "ఒసే అగ్గిపుల్లా! కొంప కాల్చీసి గాని సల్లారవేటే? నీకు బుద్ధి లేదా, నిన్ను గీసిన సేతికి లేదా?" అని పుల్లని దులిపేసేది. ఆయన పక్కనే కూర్చుని అంతా విని, ఆ తిట్లు తనకి కానట్టే, పాపం పుల్ల మాటపడిందని లేచి దాన్ని ఆర్పి వచ్చేవాడు.

అల్లుడొచ్చాక ఇక అడగక్కర్లేదు. అత్త అల్లుడి ఎదట పడకపోవడం, మాట్లాడకపోవడం మా వైపు ఆచారమే. అందరిళ్లలోనూ ఓ పిల్లో పిల్లాడో పుట్టేసరికి ఆ ఆచారం సడలిపోతుంది. అసిరమ్మ సడలనివ్వలేదు. కూతురు చిన్నతల్లిని చూడ్డానికి ఆవిడ అల్లుడింటికి వచ్చిందంటే వసారాలో ఉన్న రాటకి మూడినట్టే. "ఒసే రాటా! దీపాలెట్టే ఏళకి కొంపకి రావాలని తెలీదేటే నీకు?" అనేది తలుపు చాటునుంచి. పాతేసిన రాట ఎక్కడికెళ్లొస్తుంది? అప్పుడే సైకిలు దిగుతున్న అల్లుడు గణపతిరావు తలొంచుకుని కాళ్లు కడుక్కునేవాడు. అత్తగారు వచ్చి వెళ్లిందంటే అతనికి ఆ రాటని చూస్తే జాలేసేది.

గణపతిరావు కొత్తవలసలో నరసింగరావు గారి కలప అడితిలో మిషను రంపం నడిపేవాడు. కొండల మీదుగా కిరండూల్ రైలు లైను వేస్తున్నప్పుడు చెట్లు కొట్టడానికి తెచ్చిన రంపం అది. పెట్రోలు పోసి తాడు లాగితే మోటారు సైకిల్లా అరుస్తుంది. పొడుగాటి ఇనప పట్టీ చుట్టూ పళ్ల గొలుసొకటి గిర్రున తిరుగుతుంది. లైను పని అయిపోయాక దొర ఒకాయన దాన్ని అమ్మేసి పోతుంటే నరసింగరావు మోజుపడి కొన్నాడు. దాంతో రెండు గొలుసులొచ్చాయి. ఇంకొకటి కావాలంటే ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుందో దేవుడికి కూడా తెలీదు.

ఆ గొలుసు పళ్లు అన్ని పళ్లలాంటివి కావు. ప్రతి పంటికీ ఒక పై రేకూ, ఒక పక్క రేకూ. రెండూ కలిసేచోట పెట్టె మూలలా పలకగా మూల తేలి ఉంటుంది. కోతంతా ఆ మూలలోనే. దాన్ని పదును పెట్టాలంటే పలకల ఆకురాయి అంచు సరిగ్గా ఆ మూలలో కూర్చోవాలి. బయటినుంచి లోపలికి తొయ్యాలి. దొర వెళ్లిపోతూ ఇదంతా చేసి చూపించాడు. గణపతిరావు దొర చేతిని చూడవలసింది, చేతికున్న గడియారాన్ని చూశాడు.

దాంతో మొదటిసారి గొలుసు మొద్దుబారగానే గుండ్రటి ఆకురాయి తీసుకుని, లోపల్నుంచి బయటికి, ఆనందంగా రాసి పారేశాడు. మూలలన్నీ చక్కగా గుండ్రమైపోయాయి. మర్నాడు రంపం దుంగ మీద పెడితే పొట్టు రాలలేదు, పొగ లేచింది.

"ఏంట్రా ఇది? దుంగకి ధూపం వేస్తున్నావా?" అన్నాడు నరసింగరావు నోరు తెరిచి.

"సేను నాసిరకం బాబూ" అన్నాడు గణపతిరావు గొలుసు చూపించి. అన్నాక తనే అదిరిపడ్డాడు. అంత అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వస్తుందని అతనికి అంతవరకూ తెలీదు.

నరసింగరావు నమ్మీనమ్మనట్టు చూసి రెండో గొలుసు చేతిలో పెట్టాడు. "ఇదే ఆఖరు. వచ్చే ఆదివారం వంతెన కంట్రాక్టరు జోగయ్య గారు వస్తున్నారు. దిమ్మలు ఆయన కళ్లముందే కోయాలి. తేడా వచ్చిందా, రంపం అమ్మేస్తాను. నువ్వు వేరే పని చూసుకో" అన్నాడు.

రెండు దుంగలకే అదీ మొద్దుబారింది. ఈసారి గణపతిరావు బుద్ధిగా పలకల ఆకురాయే పట్టాడు. కాని గొలుసులో ఒక పన్ను కుడివైపుకి తిరిగి ఉంటే, తర్వాతి పన్ను ఎడమవైపుకి తిరిగి ఉంటుంది. కుడివైపు పళ్లు అద్దాల్లా వచ్చాయి. ఎడమవైపు వాటికి మాత్రం చెయ్యి తిరగలేదు. పట్టీకి అటువైపు వెళ్లి కూర్చుని పట్టినా ఆకురాయి జారిపోయేది. ఒకవైపే పదునుంటే రంపం నిటారుగా దిగదు, వంకరపోతుంది. కోసిన దిమ్మని నిలబెట్టబోతే అది అటూ ఇటూ ఊగింది.

"వంతెనకి దిమ్మలడిగితే ఉయ్యాలకి దిమ్మలిస్తావేంట్రా!" అని గుండె పట్టుకున్నాడు నరసింగరావు.

సరిగ్గా ఆ రోజునే, అసిరమ్మకి మేనల్లుడి వరసయ్యే ఎర్రన్న, చింతపండు అమ్ముకోడానికి కొత్తవలస వచ్చి ఈ గొడవంతా చూశాడు. తిరిగి నరసన్నపేట పక్కనున్న వాళ్ల ఊరు వెళ్లగానే తిన్నగా అసిరమ్మ ఇంటికే పోయాడు.

ఇక్కడో చిక్కుంది. ఇంగ్లీషు 'చైను'ని మా వైపు నోళ్లు 'సేను' చేసేస్తాయి. పంట పండే చేను కూడా మాకు సేనే.

"అత్తా! కొంప ములిగిపోనాది. గణపతి సేను పాడుసేసీసినాడు!" అన్నాడు ఎర్రన్న.

అసిరమ్మ దంపుతున్న రోకలి గాల్లోనే ఆగిపోయింది. "సేనా? ఆ బాబుకి సేనెక్కడిదిరా?"

"రెండున్నాయత్తా. ఒకటి ఎందుకూ పనికిరాకుండా పోనాది. రెండోది కూడా పోతే ఉజ్జోగం పీకెస్తారట."

"రెండు సేన్లు! ఒసే రోకలీ, ఇన్నావా? కడుపున పుట్టిన పిల్ల, రెండు సేన్లు కొన్నామమ్మా అని ఒక్క ముక్క సెప్పినాదేటే? ఒరే ఎర్రన్నా, ఇంతకీ ఏటేసినారురా అందులో?"

"ఏసేదేటత్తా, పళ్లు! ఆ పళ్లే అరిగిపోనాయి."

"పళ్లు అరిగిపోడమేట్రా? కుళ్లిపోతాయి గాని!"

"లేదత్తా, అరిగిపోనాయి. కుడిపక్కవి బాగున్నాయి. ఎడంపక్క పళ్లే దెబ్బతీసేసినాయి."

అసిరమ్మకి అంతా అర్థమైపోయింది. "ఎడంపక్క బలం సాల్లేదురా" అంది.

మర్నాడు తెల్లారేసరికి ఆవిడ నెత్తిమీద ఒక గోనెబస్తాతో బస్సెక్కింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో పాసింజరెక్కింది. పెట్టెలో జనం ఒక్కొక్కరే ముక్కులు మూసుకుని అవతలికి జరిగిపోతుంటే, "ఒసే బస్తా, ఏటే నీ గొప్ప? నీ దెబ్బకి నాకు పడుకోడానికి బల్లంతా వొదిలేసినారు" అని మొదటిసారి ఒక వస్తువుని మెచ్చుకుంది.

గణపతిరావు అడితి నుంచి వచ్చేసరికి వసారా అంతా పశువుల సావిడి వాసన వేస్తోంది. తలుపు చాటునుంచి గొంతు వినిపించింది. "ఒసే రాటా! సేనెక్కడున్నాదో సెప్పమను. పొద్దుగూకీలోగా సూసొస్తాను."

అత్తగారికి గొలుసు సంగతెలా తెలిసిందా అని గణపతిరావు కొయ్యబారిపోయాడు. "సిన్నతల్లీ, బల్లకింద గుడ్డలో సుట్టెట్టినానని సెప్పు" అన్నాడు నూతిలోంచి మాట్లాడినట్టు.



"బల్లకిందా?" అంది అసిరమ్మ. "సేనుని గుడ్డలో సుట్టినాడా? ఒసే తల్లీ, మీ ఆయనకి ఒంట్లో బాగుందా?"

చిన్నతల్లి గుడ్డ విప్పి గొలుసు తల్లి చేతిలో పెట్టింది. అసిరమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. పళ్లు కనిపించాయి. కుడిపక్కవీ కనిపించాయి, ఎడంపక్కవీ కనిపించాయి. ఎర్రన్న చెప్పిందంతా ఒక్కొక్క ముక్కే బోధపడింది.

"ఇదా సేను! ఇవా పళ్లు! దీనికా నాను బస్తాడు గత్తం మోసుకొచ్చినాను!"

బస్తాలో ఉన్నది పేడెరువని తెలిసి గణపతిరావు గుమ్మంలోనే కూలబడ్డాడు. నవ్వితే ఏమవుతుందోనని నవ్వలేదు. చిన్నతల్లి మాత్రం వంటింట్లోకి పరిగెత్తి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. ఆ ఎరువంతా తర్వాత పక్కింటి దాలమ్మ ఆనపపాదుకి పోయింది. ఆ ఏడాది దాలమ్మ ఆనపకాయలు పంచలేక చచ్చింది.

నవ్వు ఆగాక చిన్నతల్లి ఉద్యోగం సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. అసిరమ్మ గొలుసు దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు పళ్లు తడిమింది. కోతల రోజుల్లో కొడవళ్లకి కక్కు పెట్టి, అరిగిన పళ్లు తేల్చుకున్న చెయ్యి ఆవిడది. పైగా పుర్రచెయ్యి. అన్నం తినడానికి తప్ప అన్నిటికీ ఎడమచెయ్యే. అత్తవారింట్లో ఆ చేతిని చూసి అందరూ మొహం చిట్లించేవారు.

తెల్లారి గణపతిరావు లేచి చూస్తే ఆకురాయి లేదు. పెరట్లోంచి కిర్రుకిర్రుమని చప్పుడు. తలుపు సందులోంచి చూశాడు. అత్తగారు గొలుసుని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కొడవలికి రాసినట్టు, లోపల్నుంచి బయటికి గీకేస్తోంది!

"ఒసే సిన్నతల్లీ! మీయమ్మకి సెప్పవే! బయట్నుంచి లోపలికి తొయ్యాల! మూల పోద్ది! నా ఉజ్జోగం పోద్ది!"

చిన్నతల్లి వెళ్లి చెప్పింది. అసిరమ్మ జవాబు పట్టుకుని వచ్చింది. "ఎందుకట" అంది. అతను చెప్పాడు. మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది. "ఎంత వొంచి పట్టాలట" అంది. పొయ్యిమీద గంజి పొంగిపోతుంటే చిన్నతల్లికి ఒళ్లుమండింది. "నాను మీకు తంతి తపాలానేటి? మీ బాధలు మీరు పడండి!" అని బిందె తీసుకుని నూతికి పోయింది.

అత్తా అల్లుడూ గోడకి అటొకరూ ఇటొకరూ మిగిలిపోయారు. ఆదివారం మాత్రం దగ్గరకొచ్చేస్తోంది.

చివరికి అసిరమ్మే కదిలింది. పాత చీరొకటి వసారాలో రాటకీ కిటికీ ఊచకీ మధ్య అడ్డంగా కట్టింది. "ఒసే రాటా, ఆ పట్టీ ఏదో ఈ సీరకింద బిగిస్తే, ఇటు పళ్లు ఇటోళ్లు సూసుకుంటారు, అటు పళ్లు అటోళ్లు సూసుకుంటారు" అంది.

గణపతిరావు అడితి నుంచి ఇనుము బిగించి పట్టుకునే వైసూ, రంపం పట్టీ తెచ్చి, పట్టీని చీరకి సరిగ్గా కింద బిగించాడు. గొలుసు దానిమీద ఎక్కించాడు. చీరకి ఇటు అతను, కుడిచేత్తో కుడివైపు పళ్లు. చీరకి అటు అత్తగారు, ఎడమచేత్తో ఎడమవైపు పళ్లు. కింద జానెడు సందులోంచి ఒకరికొకరి చేతులు తప్ప ఏమీ కనపడవు. దాలమ్మ నిప్పుకోసమని వచ్చి ఆ దృశ్యం చూసి చేతిలో పిడక వదిలేసింది.

"అయ్యబాబోయ్! అత్తా అల్లుడూ ఒక్క పట్టీ మీద కూకుని ఇనుము గీకుతన్నారర్రా!" అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. జనం పనులు మానుకుని వచ్చి చూసి బుగ్గలు నొక్కుకున్నారు.

నేర్చుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. ఆకురాయి కాస్త పైకి లేస్తే పన్ను చిలకముక్కులా వంగిపోయేది. కాస్త దిగితే పక్క రేకుని తినేసేది. గణపతిరావు తొందరపడి గట్టిగా నొక్కగానే అవతలనుంచి పడేవి తిట్లు. "ఒసే ఆకురాయీ! నువ్వు ఆకురాయివా, గునపానివా? నిన్నెవులు తరుముకొస్తన్నారే? మూల మీద మూల కూకోనీ!" అతను నెమ్మదించేవాడు. తన పన్ను తప్పితే అసిరమ్మ తన చేతినే వేసుకునేది. "ఒసే పుర్రసెయ్యా! ఇన్నాళ్లూ తిండి దండగ! ఆ బాబు పక్క సూడు, ఎంత నున్నగున్నాయో. సిగ్గులేదూ?"

ఆ మాట వినగానే గణపతిరావు చెయ్యి ఆగిపోయింది. అత్తగారి నోట తనకి మెప్పు! రాట మీద పడే తిట్లు తప్ప ఇంకేమీ ఎరగని మనిషి, బిత్తరపోయి తర్వాతి పన్ను రెండుసార్లు రాసేశాడు. దానికి మళ్లీ ఆకురాయి మాటపడింది.

శనివారం సాయంత్రానికి చప్పుళ్లు రెండూ ఒక్కలాగే వినపడ్డాయి. చీరకింద ఇటు చెయ్యి ఎంత తోస్తే అటు చెయ్యి అంతే తోస్తోంది. గొలుసు మీద వేలు వేసి చూసిన చిన్నతల్లి చప్పున వెనక్కి తీసుకుని వేలు నోట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో అందరికీ అది శుభశకునంలా తోచింది.

ఆదివారం అడితిలో జాతరలా ఉంది. కంట్రాక్టరు జోగయ్య గారు కుర్చీలో కూర్చున్నారు. నరసింగరావు నిలబడే చెమటలు కక్కుతున్నాడు. గణపతిరావు దేవుళ్లందరికీ దణ్ణం పెట్టి తాడు లాగాడు. రంపం అరిచింది. మద్దిదుంగ మీద పెట్టగానే పొగ లేదు, పొడి లేదు, అటుకుల్లాంటి పొట్టు ఎగిరి జోగయ్య గారి ఒళ్లో పడింది. రంపం బరువుకే అది వెన్నలోకి దిగినట్టు దిగింది. దిమ్మ తెగి పడింది. నిలబెడితే నిలబడింది. జోగయ్య గారు లేచి దాన్ని కాలితో తన్ని చూశారు. కదల్లేదు.

"ఏమయ్యా నరసింగరావూ, ఇదేం కోతయ్యా! చిత్రిక పట్టినట్టుంది! దిమ్మలన్నీ నీ దగ్గరే" అన్నారాయన.

గణపతిరావు ప్రాణం కుదుటపడింది. ఒక్క క్షణమే. నరసింగరావు గదిలోకి వెళ్లి పాత గొలుసు పట్టుకుని వచ్చాడు.

"ఇంత పదును పెట్టగలిగినవాడివి, ఇదేంట్రా? నాసిరకమన్నావు. దానికీ దీనికీ ఇనుములో తేడా లేదు. మూలలు గుండ్రంగా అరగదీసేశారు. ఎవడు చేశాడీ పని? నిజం చెప్పు. అబద్ధాలాడే మనిషి చేతికి నా రంపం ఇవ్వను."

గణపతిరావు చేతిలో రంపం కింద పెట్టాడు. అప్పుడు దుంగల గుట్ట వెనకనుంచి ఒక ఆడగొంతు ఖంగుమంది.

"ఒసే దుంగా! ఆ పెద్దమనిషికి సెప్పు! ఆ సేను పాడుసేసినదాన్ని నానే!"

అందరూ దెబ్బతిన్నట్టు అటు తిరిగారు. అసిరమ్మ అల్లుడికి అన్నం గిన్నె తెచ్చి, కొంగు మొహం మీదకి లాక్కుని, దుంగకేసి తిరిగి నిలబడి ఉంది. మొన్ననే ఊళ్లో దిగిన గణపతిరావు అత్తగారని నరసింగరావు పోల్చుకున్నాడు. పెద్దావిడ. ఎదిరించి మాట్లాడ్డమెలా? దిక్కుతోచక ఆయన కూడా దుంగ వైపే తిరిగాడు.

"ఒరే దుంగా... ఆ అమ్మకి చెప్పు. ఈ గొలుసు పాడైనప్పుడు ఆవిడ కొత్తవలసలోనే లేదని."

"లేకపోతేనేటి? నరసన్నపేట కాడ కూకునే పాడుసేసినాను!" అంది అసిరమ్మ తడుముకోకుండా. "నా సెయ్యి అంత పొడుగు!"

జోగయ్య గారు కుర్చీలోంచి జారిపోయేలా నవ్వారు. కూలీలు నవ్వారు. నరసింగరావు ఆపుకోబోయి ఆపుకోలేక నవ్వాడు. నవ్వనివాడు గణపతిరావొక్కడే. తను చేసిన వెధవపని అత్తగారు నెత్తిన వేసుకుని నిలబడితే అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

"నానే బాబూ" అన్నాడు. "గుండ్రటి ఆకురాయితో రాసీసినాను. దొర సెప్పినప్పుడు సరిగ్గా సూళ్లేదు. తమరేటంటారోనని బయ్యమేసి అబద్ధమాడినాను. ఆయమ్మకి దీంతో ఏటీ సంబంధం లేదు. ఇప్పుడు తెగింది సూసినారే, అందులో సగం పళ్లు ఆయమ్మవే."

నరసింగరావు గొలుసుకేసి, దుంగకేసి, ఆ కొంగుకేసి మార్చి మార్చి చూశాడు. ఆఖరికి దుంగతోనే అన్నాడు.

"ఒరే దుంగా, ఆ గణపతిరావుకి చెప్పు. రంపం వాడిదగ్గరే ఉంటుంది. ఈ పాత గొలుసు ఇంటికి పట్టుకెళ్లి, ప్రతి పంటికీ మళ్లీ మూల తేలేదాకా రాసి తేవాలి. అదీ శిక్ష. సగం పళ్లకి ఆవిడ కూలీ ఆవిడకే ఇస్తాను. అది కూడా చెప్పు."

ఆ రాత్రి గణపతిరావు వసారాలో విస్తరి ముందు కూర్చున్నాడు. చీర ఇంకా కట్టే ఉంది. లోపల తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటున్నారు.

"అంత అబద్ధం ఎలాగాడినావే అమ్మా?"

"మనిషితోటి ఆడితే గదే అబద్ధం! దుంగతోటి ఆడితే ఏటి?"

"పోనీ, ఇన్నేళ్లయినా ఆయనతోటి తిన్నగా మాటాడవేటి? ఆసారం ఎవులు పాటిస్తన్నారే ఇప్పుడు?"

అసిరమ్మ గొంతు తగ్గించింది గాని, ఆవిడ తగ్గించిన గొంతు కూడా వీధి చివరికి వినపడుతుంది. "ఆసారం లేదు, నా మొహం లేదు. నా నోరు సంగతి నీకు తెల్దేటే? ఒక్కమాట అన్నానంటే పడ్డోళ్లకి అన్నం సయించదు. అందుకే ఎప్పుడూ ఏ మనిషినీ అన్లేదు. మనిషిని తిడితే పదిమందిలో తలొంచుకుంటాడు. రాటకి తలెక్కడిదే, వొంచుకోడానికి? మీ ఆయన ఇనాలంటే ఇంటాడు, వొద్దంటే రాటని అన్నాదిలే అని ఊరుకుంటాడు. ఆ బాబు పరువు ఆ బాబుకి ఉంటాది."

గణపతిరావు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్లూ తను జాలిపడిన ఆ రాట, తన పరువు కోసమే మాటపడుతూ వచ్చిందని అతనికి అప్పుడు తెలిసింది.

ఇంతలో అసిరమ్మకి బయట అల్లుడొకడున్నాడని గుర్తొచ్చినట్టుంది. గొంతు మళ్లీ పెంచేసింది. "ఒసే రాటా! ఒకపాలి అబద్ధమాడినావు. ఇంకోపాలి ఆడినావంటే కూకటేళ్లతోటి పెరికి పొయ్యిలో పెడతాను! ఇనపడినాదా?"

గణపతిరావు లేచి రాట వెనక్కి వెళ్లి, దాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

"ఇనపడినాదత్తా" అంది రాట. "ఇంకెప్పుడూ ఆడను. నువ్వు మాత్తరం అప్పుడే ఊరెళ్లకు. ఎడంపక్క పళ్లు నాకింకా రానేదు."

చీర వెనక గరిటె ఠంగున కింద పడింది.

ఆ వెనకే ముక్కు చీదిన చప్పుడైంది.

"ఒసే సిన్నతల్లీ" అంది అసిరమ్మ. "మీ ఇంటి రాటకి బుద్దొచ్చినాదే. ఇంకో రెండు ముద్దలెక్కువ వొడ్డించు దానికి."